పాత ఆటపెట్టె ఇంట ఉంచుకొనదగునా?

భోగి ముందు వారము అటకలకు కష్టకాలము. ఏడాది పొడుగునను ఎవ్వరి కంటను పడని విరిగిన కుర్చీలు, అల్లిక ఊడిన చేటలు, పిడి లేని గొడుగులు ఆ వారములో ఒక్కసారిగా నేలకు దిగును. కర్రసామాను భోగిమంటకు పోవును. ఇనుమును ప్లాస్టిక్కును పాతసామానులవాని త్రాసులోనికి పోవును. ఈ యేడు మా ఇంట అట్లు దిగినవానిలో, పాత తలగడ గలీబులో చుట్టి పెట్టిన నల్లని పలుచని పెట్టె యొకటి ఉన్నది. 2009లో మా అబ్బాయి కొరకు కొనిన వీడియో గేమ్ యంత్రమది. పేరు ప్లేస్టేషన్ 2. పాతసామానులవాడు దానిని చేతితో ఎత్తి చూచి, కిలో కూడ తూగదని పెదవి విరిచి, తీగెలతో కలిపి ఇరువది రూపాయలిత్తునన్నాడు.

ఉద్యోగరీత్యా పూనాలో ఉన్న మా అబ్బాయిని ఫోనులో అడిగినాము. "ఇచ్చెయ్యండి నాన్నగారూ! ఆ ఆటలన్నీ ఇప్పుడు కంప్యూటరులోనే వస్తున్నాయి. ఆ డబ్బా ఎవరికి కావాలి?" అన్నాడు.

మాట సబబుగనే ఉన్నది. ఇరువది రూపాయలు పుచ్చుకొని ఊరకుండవలసినది. కాని యంత్రముతో పాటు గలీబులో అగ్గిపెట్టెయంత మెమరీ కార్డు ఒకటి దొరికినది. దానిమీద అంటించిన కాగితపు ముక్కపై, కీర్తిశేషులైన మా నాన్నగారి దస్తూరీలో, "ఆస్ట్రేలియా సిరీసు. చెరపరాదు" అని ఉన్నది. దానిని చూచి పాతసామానులవానిని వట్టిచేతులతో పంపివేసినాము.

పాత ఆటయంత్రము నేటి ఇంట ఉంచుకొనదగినదా, కాదా యనునది చూచుటకు చిన్న ప్రశ్న. పిల్లల వ్యవహారమని పెద్దలు దాటవేయుదురు. పాత వ్యవహారమని పిల్లలు దాటవేయుదురు. మేము మాత్రము ఆ కాగితపు ముక్క కారణముగా ఒక నెల దినములు దీనిని గూర్చి కొంత చదివి, కొంత విప్పి చూచి, కొంత డబ్బు ఖర్చు పెట్టుకొని తెలిసికొనిన సంగతులను శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ముందుగా ఆ యంత్రము సంగతి. సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2ను 2000వ సంవత్సరము మార్చి 4వ తేదీన జపానులో విడుదల చేసినది. కెన్ కుటరాగి అను ఇంజనీరు దానికి కర్త. అక్కడ దాని వెల 39,800 యెన్లు. ఆనాడు విడిగా కొనవలెనన్న డీవీడీ ప్లేయరే మిక్కిలి ఖరీదైన వస్తువు. ఈ యంత్రము ఆటలాడించుటయే గాక డీవీడీలను గూడ చూపెడిది. కావున తండ్రులకు "సినిమా కొరకు" అనియు, పిల్లలకు "ఆట కొరకు" అనియు ఒకే వస్తువు రెండు పేర్లతో ఇండ్లలో ప్రవేశించినది. మా ఇంటికిని అట్లే వచ్చినది. అంతకు ముందు తరము ప్లేస్టేషన్ డిస్కులు కూడ ఇందులో ఆడును. 2004లో దీనినే సన్నగా, తొమ్మిది వందల గ్రాముల బరువుతో, మూత పైకెత్తి డిస్కు పెట్టు విధముగా తయారు చేసినారు. మాది ఆ సన్నని రకము. 2013లో తయారీ నిలిచిపోవునప్పటికి లోకములో పదునారు కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఇంట టెలివిజనుకు తగిలించి ఆడు ఆటయంత్రము మరియొకటి ఈ సంఖ్యను అందుకొనలేదు.

దాని లోపలి శక్తి యెంత? మెదడువంటి చిప్పు సెకనుకు ఇరువది తొమ్మిది కోట్ల సార్లు కొట్టుకొనును. జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. నేడు కూరగాయల బండివాని చేతిలోని ఫోనులో ఇంతకు నూరు రెట్లకు మించి ఉన్నది. అయినను 2000లో ఇది ఎంత గొప్పగా తోచినదనగా, దీని గణనశక్తిని ఆయుధములకు వాడవచ్చునను శంకతో జపాను ప్రభుత్వము దాని ఎగుమతిపై ఆంక్షలు విధించినది. 2003లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధన కేంద్రమువారు సుమారు 70 యంత్రములను తీగెలతో జతపరచి ఒక పెద్ద కంప్యూటరుగ పని చేయించినారు. పిల్లల బొమ్మకు ఇంతటి మర్యాద అరుదుగా దక్కును.

శక్తిని బట్టి చూచినచో ఈ పెట్టెకు నేడు విలువ లేదు. ఇందు వాదము లేదు. ప్రశ్న ఆటలను గూర్చినది. మా అబ్బాయి అన్నట్లు ఆ ఆటలన్నియు నేడు వేరొకచోట దొరకుచున్నవా?

ఒక ఆదివారము మధ్యాహ్నము మా ఇంటనున్న డిస్కులను చాపమీద పరచి ఒక్కొక్క దానిని విచారించినాము. ఇక్కడ ఒక సంగతి దాచుట న్యాయము కాదు. వానిలో సగమునకు పైగా అసలైన డిస్కులు కావు. యంత్రము కొనిన నాడే దుకాణదారుడు "చిప్పు వేసి ఇస్తాను, డిస్కు యాభై రూపాయలకే దొరుకుతుంది" అని, ఏదో ఉపకారము చేయుచున్నట్లు లోపల ఒక చిప్పు అతికి ఇచ్చినాడు, మేమును కాదనలేదు. ఆనాడు మా వీధిలో చిప్పు లేని యంత్రము ఎవరింటను ఉన్నట్లు గుర్తు లేదు. ఆ నకలు డిస్కులు, పైన మార్కరు పెన్నుతో వ్రాసిన పేర్లతో, నేడు చాలవరకు పొరలు లేచి పనికిమాలి పోయినవి. డబ్బిచ్చి కొనిన పదునాలుగు అసలు డిస్కులు మాత్రము గీతలు పడియు చెక్కు చెదరలేదు. యాభై రూపాయల బేరము ఎవరికి లాభించినదో చెప్పవలసిన పని లేదు.

ఆ పదునాలుగింటిలో కొన్ని నిజముగనే మరల దొరకుచున్నవి. 2005లో వచ్చిన "షాడో ఆఫ్ ది కొలోసస్" అను ఆట ఒకటున్నది. విశాలమైన నిర్జన ప్రదేశములో ఒక యువకుడును అతని గుర్రమును, కొండలవంటి పదునారు మహాకాయములును తప్ప వేరెవ్వరును కానరాని విచిత్రమైన ఆట. దానిని 2011లో ఒకసారియు, 2018లో కొత్త బొమ్మలతో సమూలముగా మరియొకసారియు పునర్నిర్మించినారు. కొత్తది కంటికి ఇంపుగనే ఉన్నది. అట్టిదాని కొరకు పాత యంత్రము కావలెననుట మొండితనము.

"గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్" అనునది 2004 నాటిది. పిల్లలకు తగిన ఆట కాదు. మా ఇంటికి ఎట్లు వచ్చినదో ఇప్పటికిని ఎవరును ఒప్పుకొనుట లేదు. అందు కారులో కూర్చొనినచో రేడియో మ్రోగును. స్టేషనులు మార్చవచ్చును, నిజమైన పాటలు వచ్చును. పాటలకు పుచ్చుకొనిన అనుమతుల గడువు తీరుటచే, ఇంటర్నెట్టు ద్వారా అమ్ముచున్న ప్రతినుండి 2014లో కొన్ని పాటలను తీసివేసినారు. అంతకు ముందే డబ్బు చెల్లించి కొనినవారి ఆటలలోనుండియు అనేకులకు ఆ పాటలు మాయమైనవి. మా డిస్కులో మాత్రము అన్నియు ఉన్నవి. డిస్కులో అచ్చయిన పాటను దూరమునుండి ఎవ్వరును తీసివేయలేరు గదా!

ఇక మూడవ తెగ. ఇందు రెండు డిస్కులను గూర్చి కొంచెము వివరముగ చెప్పవలెను. ఇవి మన హైదరాబాదులో పుట్టినవి. 2009లో ఆరోనా టెక్నాలజీస్ అను హైదరాబాదు సంస్థ "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను ఈ యంత్రము కొరకు తయారు చేసినది. పూర్తిగా భారతదేశములోనే తయారై ప్లేస్టేషన్ 2పై వెలువడిన తొలి ఆట యని దానికి పేరు. అదే సంవత్సరము హైదరాబాదులోని మరియొక సంస్థ, గేమ్‌శాస్త్ర, "దేశీ అడ్డా" అను పేరుతో కబడ్డీ, గాలిపటముల పోటీ మొదలైన మన ఆటలను కూర్చి ఇచ్చినది. లోకములో కొత్త యంత్రములు వచ్చి మూడేండ్లు దాటినను, మన దేశములో ఇండ్లలో ఉన్నది ఈ పాతదే గనుక వారు దీని కొరకే తయారు చేసినారు.

నిష్పాక్షికముగ చెప్పవలెనన్నచో హనుమంతుని ఆట గొప్ప ఆట కాదు. మేమే ఆడి చూచినాము. దుముకవలసినచోట దుమకడు, చూపు తిరుగవలసిన వైపునకు తిరుగదు, లంకకు లంఘించిన మహావీరుడు చిన్న గట్టు దాటలేక నాలుగుసార్లు నీటిలో పడినాడు. మా శ్రీమతి అది చూచి ఆంజనేయస్వామికి ఇట్టి అవస్థ యేమని నొచ్చుకొన్నది. అయినను అది మొదటి ప్రయత్నము. మన నగరములోని యువకులు కొందరు జపానువారి యంత్రపు గుట్టు తెలిసికొని, దాని ముప్పది రెండు మెగాబైట్లలో తమ కథను ఇమిడ్చిన నాటి గుర్తు. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ "ఆలం ఆరా" ప్రతి నేడు ఒక్కటియు మిగులలేదు. ఆ సంవత్సరమే తమిళముతో తెలుగు మాటలు కూడ వినిపించిన "కాళిదాసు" ప్రతియు మిగులలేదు. చూచినవారికి అవి గొప్ప చిత్రములుగ తోచినవో లేదో, నేడు ఎట్లు తెలియును? చెడ్డదని నిర్ణయించుటకైనను వస్తువు మిగిలియుండవలెను.

హనుమంతుని ఆట ఈ ఒక్క యంత్రము కొరకే వెలువడినది. దీని తరువాతి ప్లేస్టేషన్ 3 మొదటి నమూనాలు పాత డిస్కులను చదివెడివి. త్వరలోనే ఆ సదుపాయము తీసివేసినారు. నాలుగు, ఐదు సంఖ్యల యంత్రములు ఈ డిస్కులను పెట్టినచో గుర్తింపవు. కంపెనీవారు తమ దుకాణములో మరల అమ్ముచున్న పాత ఆటలు వేలలో కొన్ని పదులు మాత్రమే. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ ఈ విషయమును పరిశీలించినది. 2010కి పూర్వము ఆ దేశములో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుట లేదని తేల్చినది. "అన్నీ కంప్యూటరులోనే వస్తున్నాయి" అనిన మా అబ్బాయికి ఈ అంకె వినిపించినాము. కొంతసేపు ఫోనులో చప్పుడు లేదు.

ఇక్కడ కొనుట యను మాటకు అర్థమేమో ఆలోచింపవలసి యున్నది. డిస్కు కొనినవాడు దానిని దాచుకొనవచ్చును, అరువీయవచ్చును, అమ్ముకొనవచ్చును, చెల్లెలి కొడుకునకు ఇచ్చివేయవచ్చును. నేడు ఇంటర్నెట్టు దుకాణములో డబ్బు చెల్లించువాడు వీనిలో ఏదియు చేయజాలడు. అతడు పుచ్చుకొనునది వస్తువు కాదు, వాడుకొనుటకు అనుమతి. ఈ మాటను కొనువానికి స్పష్టముగ చెప్పవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో చట్టము చేయగా, అది 2025 జనవరినుండి అమలులోనికి వచ్చినది. నింటెండో సంస్థ తన వీ యూ, త్రీడీఎస్ యంత్రముల దుకాణములో అమ్మకములను 2023 మార్చిలో నిలిపివేసినది. అదివరకు కొనినవారు తిరిగి దించుకొనుటకు వీలుంచినారు గాని, కొత్తగా కొనదలచినవానికి తలుపు మూసుకొనిపోయినది. 2024 మార్చి 31న "ది క్రూ" అను కారుపందెముల ఆటకు దూరపు సర్వరును నిలిపివేయగా, దానిని డిస్కురూపముగ కొనినవారికి సైతము చేతిలో డిస్కు మిగిలినది గాని ఆట మిగులలేదు.

కాబట్టి డిస్కు ఉన్నంత మాత్రమున ధైర్యము చెందరాదు. ఈ ప్లేస్టేషన్ 2 పైననే "ఫైనల్ ఫాంటసీ 11" అను ఆట 2002లో వచ్చినది. వేలమంది ఒకే లోకములో తిరుగుచు ఆడుకొనెడివారు. 2016 మార్చిలో ఈ యంత్రమునకు ఆ లోకపు ద్వారమును మూసివేసినారు. ఆ డిస్కు నేడు పల్లెము క్రింద పెట్టుకొనుటకు పనికివచ్చును. అదృష్టవశమున ఈ యంత్రపు ఆటలలో మిక్కిలి పెద్ద భాగము ఎవ్వరి సర్వరుతోను నిమిత్తము లేనివి. కరెంటు, టెలివిజను, డిస్కు ఉన్నచో చాలును. అంతకంటె కొత్త యంత్రములకు ఈ స్వాతంత్ర్యము క్రమముగా తగ్గుచు వచ్చినది. పాతదానిని మెచ్చుకొనుటకు ఇది గట్టి కారణమని మా అభిప్రాయము.

ఇంతవరకు పొగిడితిమి. ఇక దాని శరీరము సంగతి చూడవలెను.

మా పెట్టెను మొదట తగిలించినప్పుడు ఎర్రదీపము వెలిగినది. మీట నొక్కగా పచ్చదీపమునకు మారినది. పాత పరిచయమైన ఆ గంభీరనాదము వినిపించినది. డిస్కు పెట్టగా గరగర తిరిగి, డిస్కును చదువజాలనని తేల్చి చెప్పినది. ఈ యంత్రముల ప్రధానరోగము ఇదియే. డిస్కును చదువు లేజరు కాలక్రమమున నీరసించును. పైని కటకముపై దుమ్ము పేరుకొనును. సన్నని రకములో మూత ఎత్తగానే కటకము కనబడును గనుక, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడువవచ్చును. నీటితో తుడువరాదు, నోటితో ఊదరాదు. తుడిచినను మాది కోలుకొనలేదు. కంపెనీవారు జపానులోనే దీని మరమ్మతులను 2018లో, విడిభాగములు అయిపోయినవని, మానుకొన్నారు. ఇక మన ఊరి మాట యేమి? సెల్‌ఫోనుల బజారులో మూడు దుకాణములవారు పెట్టెను ముట్టకయే తల ఊపినారు. నాలుగవచోట ఒక నడివయస్సు మరమ్మతుదారుడు, మా వలెనే పాత వస్తువులపై మమకారము గలవాడు, వేరొక చచ్చిన పెట్టెలోని లేజరును తీసి దీనికి అమర్చి తొమ్మిది వందలు పుచ్చుకొన్నాడు. ఒకటి బ్రతుకుటకు ఒకటి చావవలెను. ఈ లెక్కన ఏటేట ఈ జాతి సన్నగిల్లుచునే ఉండును.

మా నాన్నగారి వాల్వు రేడియో కథ ఇట్టిదే. వేడెక్కుటకు అర నిమిషము పట్టెడిది. ఒక్కొక్క వాల్వు పోయినప్పుడు కోఠీ వీధులలో వెదకి తెచ్చెడివారు. దొరకుట మానిన తరువాత అది బీరువామీద అలంకారమై కూర్చున్నది. అయితే రేడియో మూగపోయినను ప్రసంగము ఆగదు. వేరొక రేడియోలో అదే కేంద్రము వినవచ్చును. ఆటయంత్రము అట్లు కాదు. యంత్రముతోనే దాని ఆటయు పోవును.

రెండవ చిక్కు టెలివిజనుతో వచ్చినది. ఈ యంత్రమునకు పసుపు, ఎరుపు, తెలుపు మొనల మూడు తీగెలుండును. మా గోడమీది కొత్త టెలివిజనునకు ఆ రంధ్రములే లేవు. మూడు వందల రూపాయలకు ఒక మార్పిడి డబ్బీ కొని తగిలించినాము. బొమ్మ వచ్చినది, వర్షములో కిటికీనుండి చూచినట్లు. ఈ యంత్రపు బొమ్మ గాజుబుడ్డి టెలివిజను కొరకు, ఒక వరుస విడిచి ఒక వరుసగా గీయబడునట్టిది. కొత్త పలుచని తెర ఆ రెండు సగములను కలిపికుట్టి, పెంచి, అప్పుడు చూపును. ఈ కుట్టుపనికి కొంత కాలము పట్టును. మీట నొక్కిన క్షణమునకును బ్యాటు కదలిన క్షణమునకును నడుమ చిన్న యెడము వచ్చును. సెకనులో పదవవంతు కూడ ఉండదు. కాని వేగముగ వచ్చు బంతి అంతలో వికెట్లను పడగొట్టిపోవును. కాంపొనెంటు తీగెలు దొరకినచో బొమ్మ కొంత తేటపడును గాని, యెడమును పోగొట్టుట టెలివిజనును బట్టి యుండును. ప్రక్కయింటివారి వరండాలో, పైన మొక్కల కుండీ పెట్టియున్న పాత బుడ్డి టెలివిజనును బ్రతిమాలి తెచ్చికొనిన తరువాత గాని మాకు తృప్తి కాలేదు. కావున పాత ఆటయంత్రము కొనువాడు ఒక్క యంత్రమును గాక, ఒక పాత టెలివిజనును, దానిని పెట్టుటకు చోటును, దానిని భరించు భార్యను కూడ లెక్కలో వేసికొనవలెను.

కంప్యూటరులోనే ఈ యంత్రమును అనుకరింపజేయు ప్రోగ్రాములున్నవి గదా యని యువకులందురు. నిజమే. పీసీఎస్ఎక్స్2 అనునది ఇరువది యేండ్లకు పైగా అనేకులు స్వచ్ఛందముగ పెంచి పోషించినది. మా అబ్బాయి చెప్పినదియు అదియే. అసలు డిస్కునే కంప్యూటరులో పెట్టి, తన సొంత యంత్రమునుండి తీసిన మూల ప్రోగ్రాముతో ఆడుకొనువాడు అసలుకంటె స్పష్టమైన బొమ్మ చూడగలడు. ఆడుట ఒక్కటే ముఖ్యమైనవానికి ఇది చాలును. పెట్టె కొనుమని అతనికి మేము చెప్పము. కాని ఆ మార్గమునకు మంచి కంప్యూటరు, కొంత నేర్పు, ఓపిక కావలెను. అంతేగాక డిస్కును, మూల ప్రోగ్రామును ఎవరో ఒకరు ముందుగా భద్రపరచియుండవలెను. అందరును పాతసామానుల త్రాసునకు ఇచ్చివేసిన పిమ్మట అనుకరించుటకు అసలే ఉండదు.

మరి కొత్తగా కొనదలచినవారి మాట. ఒక తరము గడచినది గనుక నేడు వీనికి మోజు పుట్టినది. "అరుదైనది" అని వ్రాసి ఇష్టము వచ్చిన ధర చెప్పువారు బయలుదేరినారు. పదునారు కోట్లు అమ్ముడుపోయిన వస్తువు అరుదైనది కాదు. ఆడుకొనవలెనని మనస్సున ఒక ఆట పేరు లేనివాడు కొనవద్దు. కొనువాడు తన డిస్కు ఒకటి వెంట తీసికొని పోయి, దుకాణములోనే అరగంట ఆడించి చూడవలెను. వెండిరంగు డిస్కును, నీలిరంగు అడుగుగల పాత సీడీ డిస్కును, రెండింటిని చదువుచున్నదో లేదో పరీక్షింపవలెను. ఒకటి చదివి రెండవది చదువని యంత్రములు కలవు. జపానునుండి వచ్చిన మొదటి లావు పెట్టెలు నూరు వోల్టులవి. మన గోడకు నేరుగా తగిలించినచో ఆ క్షణమే బూడిద యగును. చౌకరకపు మెమరీ కార్డులను నమ్మరాదు. ఇంతకంటె జాగ్రత్తలు చెప్పుట మాకు చేతకాదు.

ఇంట ఇదివరకే ఉన్నవారి సంగతి వేరు. అటకమీది వేడిమిలో పెట్టక, దుమ్ము పడకుండ గుడ్డ కప్పి, మూడు నాలుగు నెలలకొకసారి తగిలించి తిప్పుచుండవలెను. అసలు డిస్కులు, ముఖ్యముగ మనవారు చేసినవి ఉన్నచో, ఎట్టి పరిస్థితిలోను పారవేయరాదు. తమకు అక్కరలేనిచో, కావలసినవానిని వెదకి ఇవ్వవలెను.

ఇక మా నాన్నగారి కార్డు. వారు క్రికెట్టును కంటితో కంటె చెవితో ఎక్కువ చూచినవారు. ట్రాన్సిస్టరును చెవికానించుకొని వ్యాఖ్యానము వినుచు గడపిన పగళ్లు లెక్కలేనన్ని. మనుమడు ఈ యంత్రముమీద "క్రికెట్ 07" ఆడునప్పుడు వారు వాలుకుర్చీలో కన్నులు మూసికొని పడుకొనెడివారు. నిద్రపోవుచున్నారని మేమనుకొనెడివారము. ఆ ఆటలో వ్యాఖ్యానము చెప్పినవారు రిచీ బెనో, మార్క్ నికొలస్. "ఒరే, బెనో మాట పూర్తి కానీరా, అప్పుడే తరువాతి బంతి వేయకు" అని మనుమని మందలించెడివారు. భారత జట్టు ఆటగాండ్ర పేర్లు అందు అసలు పేర్లు కావు. అనుమతి లేక మార్చి పెట్టినవి. ఆ పేర్లు వినబడినప్పుడు మాత్రము కన్నులు తెరచి "ఎవడురా వీడు?" అనెడివారు. ఆ కంపెనీ ఆ తరువాత అట్టి క్రికెట్టు ఆట మరియొకటి చేయలేదు. బెనో 2015లో గతించినారు. మా నాన్నగారు అంతకు మూడేండ్ల ముందే.

లేజరు మార్చిన నాటి రాత్రి కార్డును యంత్రములో దూర్చి చూచినాము. ఎనిమిది మెగాబైట్ల కార్డు. నేటి ఫోనుతో తీసిన రెండు ఛాయాచిత్రములకు చాలదు. తెరమీద చిన్న బొమ్మల వరుస వచ్చినది. సిరీసు అట్లే ఉన్నది. నాలుగు టెస్టులు ముగిసినవి. చెరి రెండు గెలిచినారు. ఐదవది మొదలుపెట్టనే లేదు. మనుమనికి పదవ తరగతి పరీక్షలు వచ్చి ఆపివేసియుండును. పిమ్మట తాతగారికి జబ్బు చేసినది. బుడ్డి టెలివిజనులోనుండి బెనో కంఠము ముందరి గదిలో వినబడగానే వంటింటిలోనుండి మా శ్రీమతి చేతిలో గరిటెతోనే వచ్చి నిలుచున్నది.

మరునాడు ఈ సంగతి ఫోనులో చెప్పగా మా అబ్బాయి, "కార్డు తీయకండి, యంత్రాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఉగాదికి వస్తున్నాను" అన్నాడు. వచ్చులోపల దానిలోని లెక్కలన్నియు మరియొక కార్డునకు నకలు తీయించి ఉంచుమని కూడ చెప్పినాడు. మరమ్మతుదారుని వద్ద అసలు కార్డు ఒకటి దొరకినది; ఆ పని పూర్తిచేసినాము. బుడ్డి టెలివిజనును ఉగాది వెళ్లిన మరునాడు తిరిగి ఇచ్చునట్లు ప్రక్కయింటివారితో ఒప్పందము.